చెవులు తెరుచుకున్న కుందేలు

ఆపరేషన్ జయప్రదమైనదని వైద్యుడు చెబుతాడు. చెవి నాళంలో నెలల తరబడి పేరుకుపోయిన గులిమి, గట్టిపడిన చీము తొలగిపోయాయి. ఇక మన కుందేలు వింటుందని ఇల్లంతా సంబరపడుతుంది. పిల్లలు బుట్ట చుట్టూ మూగి దానిని పేరు పెట్టి పిలుస్తారు. ఆ పిలుపు విన్న కుందేలు మంచం కిందికి దూరి, గోడకు ఒదిగి, కళ్లు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంటుంది. నిన్న మొన్నటి దాకా ఒడిలో కునుకు తీసిన ప్రాణి ఈరోజు చేయి చాచితే చాలు, ఉలిక్కిపడుతున్నది. గడ్డి ముట్టడం లేదు. ‘ఆపరేషన్ చేయించి పొరపాటు చేశామా?’ అన్న అనుమానం ఇంటి పెద్దలకు మొదలవుతుంది.

పొరపాటేమీ జరగలేదు. వినికిడి తిరిగి రావడం మనకు శుభవార్త. కుందేలుకు మాత్రం మొదటి రోజుల్లో అది భయవార్త. ఇతర జంతువులకు ఆహారమయ్యే జీవిగా పుట్టిన దానికి, తెలియని శబ్దమంటే ఒకటే అర్థం: ప్రమాదం. ఇంటిలోని ప్రతి శబ్దమూ దానికి తెలియనిదే. కనుక కుట్లు మానడంతో వైద్యం ముగియదు. శబ్దాలకు ఒక్కొక్కటిగా అర్థం నేర్పే పని ఇంటివారి చేతిలో మిగిలి ఉంటుంది. ఆ పని ఓపికతో జరిగితే రెండు మూడు వారాలలోనే మార్పు కనిపించడం మొదలవుతుంది. జరగకపోతే నయమైన చెవులతోనే కుందేలు తిండి మాని ప్రాణం మీదికి తెచ్చుకోగలదు.

అసలు కుందేలుకు చెవుడు ఎందుకు వస్తుందో ముందు తెలుసుకోవాలి. నిక్కపొడుచుకున్న చెవులు గల కుందేలుకు ఈ బెడద తక్కువ. దాని చెవి నాళం నిటారుగా తెరుచుకొని ఉంటుంది. లోపల ఊరే గులిమి తనంతట తానే పైకి వచ్చి రాలిపోతుంది. చెవులు రెండు పక్కలకూ వేలాడే రకం, అమ్మేవారు ‘లాప్’ అని పిలిచే రకం, చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటే దానికి శాపం. చెవి మొదట్లో మృదులాస్థి వలయాల నడుమ ఉన్న ఖాళీ దగ్గర చెవి మడతపడి కిందికి వాలుతుంది. ఆ మడత వద్ద నాళం ఇరుకైపోతుంది. గులిమి బయటికి రాలేక అక్కడే నిలిచి, క్రమంగా సంచిలా ఉబ్బుతుంది. తల పక్కన, చెవి మొదట్లో మెత్తని బుడిపెలా తగిలేది చాలాసార్లు ఇదే. అందులోకి సూక్ష్మక్రిములు చేరితే చీము పడుతుంది. కుందేలు చీము మన పుండ్ల చీములా జారిపోదు. పెరుగు మీగడ కంటే గట్టిగా, గడ్డకట్టి ఉంటుంది. మందు చుక్కలు దానిని కరిగించలేవు. చివరకు కర్ణభేరి చిరిగి, మధ్య చెవిలోని ఎముక గదిలోకి కూడా అది పాకుతుంది.

లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం కోసం ఒక ఆశ్రయ కేంద్రంలోని 30 కుందేళ్లను పరీక్షించారు. వాటిలో సగం వాలు చెవులవి, సగం నిలువు చెవులవి. వాలు చెవుల కుందేళ్లలో నాళాలు ఇరుకుగా ఉండటం, గులిమి ఎక్కువగా పేరుకోవడం, చెవిని పరీక్షించేటప్పుడు నొప్పితో ఇబ్బంది పడటం అధికంగా కనిపించాయి. అవన్నీ వ్యాధి ఉన్నదని తెలిసి తెచ్చినవి కావు. బాధను దాచుకోవడం కుందేలు నైజం. అడవిలో బలహీనంగా కనబడిన కుందేలునే నక్క ముందుగా పట్టుకుంటుంది మరి. అందువల్ల మన ఇళ్లలో ‘మా కుందేలు చాలా నెమ్మది, ఎంత చప్పుడైనా బెదరదు’ అని మురిసిపోయే సందర్భాలలో కొన్నింటికైనా అసలు కారణం చెవుడే కావచ్చు.

ఇక ఆపరేషన్ సంగతి. చెవిలో రంధ్రం చేసి కడిగితే సరిపోయే దశ దాటినప్పుడు వైద్యులు ప్రధానంగా రెండు రకాల శస్త్రచికిత్సలు చేస్తారు. ఒకటి, వ్యాధి పట్టిన పై భాగాన్ని మాత్రం తొలగించి, మిగిలిన నాళానికి కొత్త ద్వారం ఏర్పరచడం. దీనిని వారు ‘పీకా’ అంటారు. రెండవది, నాళాన్ని మొత్తంగా తీసివేయడం. దాని పేరు ‘టీకా’. మనం పిల్లలకు వేయించే టీకాతో దీనికి సంబంధం లేదు, ఇంగ్లీషు పొడి అక్షరాలు అలా కలిశాయి అంతే! ఈ రెండింటి తేడా ఇంటివారికి ముందే తెలిసి ఉండాలి. మొదటి దానిలో శబ్దం లోపలికి పోయే దారి తెరుచుకుంటుంది. కర్ణభేరి, లోపలి చెవి బాగుంటే వినికిడి తిరిగి వస్తుంది. రెండవ దానిలో నొప్పి తగ్గుతుంది, వ్యాధి తొలగుతుంది, కాని ఆ చెవికి వినికిడి దాదాపు మిగలదు. మధ్య చెవిలో చీము నిండి ఉంటే అక్కడి ఎముక గదిని కూడా తెరిచి శుభ్రం చేయవలసి రావచ్చు. లోపలి చెవి గాని, శ్రవణ నాడి గాని దెబ్బతిని ఉంటే ఏ శస్త్రచికిత్సా వినికిడిని తేలేదు. ‘ఏ రకం చేస్తున్నారు? ఏ చెవికి ఎంత వినికిడి ఆశించవచ్చు?’ అని వైద్యుని అడగండి. సమాధానాన్ని బట్టే ఇంట్లో మీరు చేయవలసిన పని మారుతుంది.

కుందేళ్లకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న వైద్యులు అన్ని ఊళ్లలో దొరకరు. హైదరాబాదు వంటి నగరాలలో పిల్లులు, కుక్కలు కాక చిన్న జంతువులను, పక్షులను చూసేవారు ఉన్నారు. రాజేంద్రనగర్, తిరుపతిలలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. ఎవరి వద్దకు వెళ్లినా ఒక్క ప్రశ్నతో వారి అనుభవం కొంత తెలిసిపోతుంది: ‘ముందు రోజు రాత్రి నుండి పస్తు ఉంచాలా?’ కుక్కకు, మనిషికి ఉంచాలి. కుందేలుకు ఉంచకూడదు. అది వాంతి చేసుకోలేదు కనుక ఆ భయం లేదు. పైగా దాని పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి.

ఇంటికి తెచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు వినికిడి గురించి ఆలోచించకండి. పొట్ట గురించి ఆలోచించండి. నొప్పి వల్ల గాని, బెదురు వల్ల గాని కుందేలు తినడం మానితే పేగుల కదలిక మందగిస్తుంది. లోపల వాయువు చేరి, నొప్పి పెరిగి, మరింతగా తిండి మానుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. పెంటికలను లెక్కపెట్టడం ఎబ్బెట్టుగా తోచవచ్చు గాని, దాని ఆరోగ్యాన్ని అంతకంటే నిక్కచ్చిగా చెప్పేది ఇంట్లో మరొకటి లేదు. అవి చిన్నవవుతున్నా, తగ్గుతున్నా జాగ్రత్త పడాలి. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు లేకపోయినా తెల్లవారే దాకా చూద్దామనుకోకుండా వైద్యునికి ఫోన్ చేయాలి. ఎండుగడ్డి ఎప్పుడూ మూతి ముందే ఉండాలి. కొత్తిమీర, పుదీనా వంటి వాసన గల ఆకులు ఆకలిని రేపుతాయి. వైద్యుడు ఇచ్చిన నొప్పి మందును ‘బాగానే ఉంది కదా’ అని మధ్యలో ఆపకండి. మనుషుల మాత్రలు విరిచి పెట్టడం, మందుల దుకాణం నుండి అమోక్సిసిలిన్ తెచ్చి నోటి ద్వారా పట్టడం ప్రాణాంతకం. ఆ రకం మందు కుందేలు పేగులలోని మేలుచేసే క్రిములను చంపి, విషాన్ని పుట్టించే క్రిములకు చోటిస్తుంది.

నొప్పి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ముఖం చూడాలి. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుందేలు చెవులపై పచ్చబొట్టు గుర్తులు వేసేటప్పుడు వాటి ముఖాలను పరిశీలించి, 2012లో నొప్పిని కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. కళ్లు సగం మూసుకుపోవడం, బుగ్గలు చదునుగా లోపలికి పోవడం, ముక్కుపుటాలు కోసుగా మారడం, మీసాలు బిగుసుకోవడం, చెవుల తీరు మారడం అనే ఐదు గుర్తులు వారు చూశారు. వాలు చెవుల కుందేలు విషయంలో, అందులోనూ చెవికి కుట్లు పడినప్పుడు, చివరి గుర్తు పనికిరాదు. మిగిలిన నాలుగూ చాలు. వీటికి తోడు పళ్లు గట్టిగా పటపట కొరుకుతూ ముడుచుకొని కూర్చుంటే అది బాధే. ముఖానికి చెందిన నాడి చెవి నాళానికి ఆనుకొనే పోతుంది కనుక ఆపరేషన్ తరువాత కొన్నాళ్లు ఒక వైపు కన్ను సరిగా మూసుకోకపోవచ్చు. అటువంటప్పుడు కంటి చుక్కలు వేయకపోతే కన్ను ఎండి పుండు పడుతుంది. ఇవన్నీ ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, నొప్పితో ఉన్న జంతువుకు శబ్దం నేర్పకూడదు. మొదటిసారి విన్న శబ్దమూ, ఆ క్షణాన ఉన్న నొప్పీ దాని మనసులో ఒకటిగా ముడిపడతాయి. ఆ ముడి విప్పడానికి నెలలు పడుతుంది.

చెవుడు ఉన్న రోజులలో అది ఎలా బతికిందో ఒకసారి ఊహించండి. కుందేలు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. మూతికి ఎదురుగా ఉన్న చిన్న మేర మాత్రమే దానికి కనబడదు. పాదాల కింద నేల కంపిస్తే తెలుస్తుంది. వాసన తెలుస్తుంది. ఈ మూడింటితో అది ఒక లోకాన్ని కట్టుకున్నది. మీ అడుగు పడితే నేల అదురుతుంది, తరువాత మీ వాసన వస్తుంది, తరువాత మీరు కనబడతారు. ఆ వరుస దానికి అలవాటు. ఇప్పుడు ఆ వరుసకు ముందే, తలుపు అవతల నుండే, ఏదో వినబడుతున్నది. మీరు మారలేదు. దానికి మాత్రం మీరు కొత్త మనిషి.

పైగా ఆ శబ్దం మామూలు స్థాయిలో వినబడకపోవచ్చు. చెవికి చేరే శబ్దం చాలా కాలం తగ్గిపోయినప్పుడు మెదడు రేడియో గొంతు పెంచినట్టు తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. మనుషుల చెవులను కొన్ని వారాల పాటు బిరడాలతో మూసి ఉంచిన ప్రయోగాలలో, వాటిని తీసిన తరువాత మామూలు ధ్వనులే మునుపటి కంటే బిగ్గరగా తోచాయి. ఆ పెంపు మళ్లీ సర్దుకోవడానికి సమయం పట్టింది. కుందేలు చెవి అసలే మన చెవి కంటే దూరం పోతుంది. మనిషి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వినగలడు. కుందేలు 40,000 దాటి వింటుంది. అంటే మనకు పూర్తిగా నిశ్శబ్దంగా ఉన్న గది దానికి నిశ్శబ్దం కాకపోవచ్చు.

ఈ కారణం చేతనే మొట్టమొదట చేయవలసింది, ఎలుకలను, బల్లులను తరుముతుందని చెప్పి గోడ ప్లగ్గుకు తగిలించే అల్ట్రాసోనిక్ పరికరాన్ని తీసి పారేయడం. మనకు వినబడని ఆ కూత కుందేలు చెవిలో రాత్రింబవళ్లు మోగుతూనే ఉంటుంది. కుందేలు చెవుడుగా ఉన్న రోజులలో అది హానిచేయలేదు. ఇప్పుడు చేస్తుంది. కారణం తెలియక ‘రాత్రిళ్లు ఊరికే కాలు తన్నుతోంది’ అని విసుక్కునే పరిస్థితి రాకూడదు. వెనుక కాలితో నేలను దబదబ తన్నడం కుందేలు భాషలో ప్రమాద సూచన.

తరువాత గది. వంటగదికి, వీధి వైపు కిటికీకి దూరంగా ఉన్న మూలను ఎంచుకోండి. కుక్కర్ ఈల, మిక్సీ రొద, స్టీలు పళ్లెం నేల మీద పడిన మోత — మన ఇళ్లలో ఈ మూడూ దానికి పిడుగులే. పంజరం కింద మందపాటి జంపఖానా పరిస్తే గోడల ప్రతిధ్వని తగ్గుతుంది. ఒక అట్టపెట్టెకు రెండు వైపులా దారులు కోసి పెట్టండి. ఒకే దారి ఉన్న పెట్టెలో కుందేలు తాను చిక్కుకున్నట్టు భావిస్తుంది. ఆ పెట్టెలోకి ఎవరూ చేయి పెట్టకూడదు, బయటికి లాగకూడదు. శబ్దం వచ్చినప్పుడు తాను దాగగలనన్న ధీమా ఉన్న ప్రాణి త్వరగా బయటికి వస్తుంది. దాగే చోటు లేనిది భయంతో కడ్డీలకు కొట్టుకుంటుంది. కుందేలు వెన్నెముక పెళుసు, వెనుక కాళ్ల కండలు బలమైనవి. బెదిరి ఒక్కసారిగా తన్నుకున్నప్పుడు తన నడుమును తానే విరుచుకోగలదు. వేసవిలో ఇంకొక చిక్కు ఉన్నది. కుందేలు ఒంటి వేడిని చెవుల ద్వారానే ఎక్కువగా వదులుతుంది. మన ప్రాంతపు ఏప్రిల్, మే ఎండలకు అది అసలే తాళలేదు. గడ్డకట్టించిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. కూలర్ మాత్రం దగ్గరగా పెట్టకండి, దాని హోరు చల్లదనాన్ని మించిన బాధ.

శబ్దాలు నేర్పే పద్ధతికి వద్దాం. కుట్లు విప్పేదాకా, అంటే సాధారణంగా పది నుండి పద్నాలుగు రోజులు, ఇల్లు వీలైనంత ప్రశాంతంగా ఉండాలి. కాని చీమ చిటుక్కుమనని నిశ్శబ్దం వద్దు. ఒకరు కుందేలుకు కొంచెం దూరంలో కూర్చొని, దాని వైపు చూడకుండా, మామూలు గొంతుతో పుస్తకం చదువుకోవచ్చు. మాటల అర్థం దానికి అవసరం లేదు. ఒకే గొంతు, ఒకే సమయం, ఆ గొంతు ఉన్నంతసేపూ ఏ కీడూ జరగకపోవడం, ఇవే దానికి పాఠం.

చెవుడు కుందేలును పెంచిన ఇంటివారికి కొన్ని అలవాట్లు ఉండి ఉంటాయి. దగ్గరికి వెళ్లే ముందు నేలను మెల్లగా రెండుసార్లు తట్టడం, దీపం వెలిగించి ఆర్పడం, చేతిని ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనివ్వడం. చాలా మంది ఆపరేషన్ అయిన మర్నాడే ఇవి మానేస్తారు, ‘ఇక వినబడుతుంది కదా’ అని. అలా మానడం దానికి తెలిసిన ఏకైక భాషను లాక్కోవడమే. పాత గుర్తును ఉంచి, దానికి ముందు కొత్త గుర్తును చేర్చాలి. ముందు పేరు మెల్లగా పలకండి. వెంటనే నేల తట్టండి. ఆ తరువాత ఒక కొత్తిమీర రెమ్మ ఇవ్వండి. ఈ వరుస మారకూడదు. తట్టిన తరువాత పేరు పలికితే ఆ పేరుకు అర్థం ఏర్పడదు, ఎందుకంటే చెప్పవలసిన సంగతిని తట్టు ముందే చెప్పేసింది. కొన్ని రోజులకు పేరు వినగానే తల ఎత్తడం మొదలవుతుంది. ఆనాటి నుండి తట్టడాన్ని తగ్గించుకుంటూ పోవచ్చు.

పెద్ద శబ్దాలకూ ఇదే సూత్రం. మిక్సీని మొదట మూడు గదుల అవతల, తలుపు మూసి, కొద్ది క్షణాలు తిప్పండి. ఆ క్షణంలోనే దానికి ఇష్టమైన ఆకు అందాలి. మిక్సీ ఆగగానే ఆకు కూడా ఆగిపోవాలి. తినడం మానివేసి బిగుసుకుపోయిందంటే మీరు తొందరపడ్డారని అర్థం. ఇంకా దూరం వెళ్లండి. తింటూనే ఉంటే మరునాడు తలుపు కొంచెం తెరవవచ్చు. ‘భయం పోగొడదాం’ అని చెవి దగ్గర పళ్లెం మోగించడం, చప్పట్లు కొట్టడం శిక్షణ కాదు, హింస.

మసీదు పక్కన ఉన్న ఇళ్లవారికి ఒక ప్రత్యేకమైన సందేహం ఉంటుంది. మైకులో అజాన్ వినబడగానే కుందేలు బెదిరిపోతే ఏం చేయాలి? నిజానికి అన్ని శబ్దాలలోనూ దానికి త్వరగా అలవడగలది ఇదే. వేళ తెలిసిన శబ్దం, ఒకే తీరుగా సాగే శబ్దం, రోజూ ఐదుసార్లు వచ్చే శబ్దం. అంతేకాక కుందేలు సహజంగా తెల్లవారుజామునా, సంధ్యవేళా చురుకుగా ఉండి మేసే జీవి. ఫజ్ర్, మగ్రిబ్ వేళలు దాని ఆకలి వేళలే. మొదటి వారం ఆ సమయానికి కాస్త ముందే కిటికీ మూసి, దుప్పటిని తెరగా వేసి, అజాన్ మొదలవగానే తాజా గడ్డి, ఆకులు పెట్టండి. కిటికీని రోజుకు కొంచెం చొప్పున తెరుస్తూ పోండి. ఫజ్ర్‌కు లేచే ఇంటిలో ఇందుకు వేరే సమయం కేటాయించవలసిన అవసరమే ఉండదు.

వేళ తెలియని శబ్దాలతోనే కష్టం. బరాత్ బ్యాండు, టపాసులు, బక్రీదుకు ముందు పెరటిలో కట్టిన మేక అరుపు. చివరిదానిలో కొత్త వాసన కూడా తోడవుతుంది. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే తేదీని ఇంటి క్యాలెండరు చూసి నిర్ణయించుకోవడం తెలివైన పని. రంజాన్‌లో సహరీ వేళకు వంటింట్లో గిన్నెల సందడి, ఇఫ్తార్‌కు వచ్చిపోయే బంధువులు, పండుగనాడు పిల్లల గుంపు. ఈ నెల రోజులలో కుందేలుకు మొదటి పాఠాలు చెప్పడం సాధ్యం కాదు. ఇంట్లో నికాహ్ ఉన్నా అంతే.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారంలో ఎక్కువ నొచ్చుకునేది వారే. ఎనిమిదేళ్ల పాప ఉన్న ఇల్లు అనుకుందాం. డబ్బు దాచి, డాక్టరు దగ్గర ఏడ్చి, తన కుందేలుకు వైద్యం చేయించుకున్నది ఆ పాపే. ఇప్పుడు తన గొంతు వింటే పారిపోతున్నది కూడా ఆ కుందేలే. ‘దానికి నేనంటే ఇష్టం పోయింది, అమ్మీ’ అని ఆమె అంటే నవ్వి ఊరుకోకండి. ‘అది నీ గొంతు ఇదివరకు వినలేదు, నీ చేయి మాత్రమే ఎరుగును. నీ గొంతూ నీ చేయీ ఒకరివేనని దానికి నువ్వే చెప్పాలి’ అని వివరించండి. రోజూ కొత్తిమీర పెట్టే పనిని ఆమెకే అప్పగించండి. నేల మీద కూర్చోవాలి, ఎత్తుకోకూడదు, వచ్చినప్పుడే తాకాలి అన్న మూడు నియమాలు చాలు. కుందేలును వెల్లకిలా పడుకోబెడితే అది కదలకుండా ఉండిపోతుంది. నిద్రపోయిందని పిల్లలు ముచ్చట పడతారు. అది నిద్ర కాదు, చావు మీదికి వచ్చినప్పుడు చచ్చినట్టు నటించే భయం. ఈ ఒక్క ఆటను మాత్రం గట్టిగా మాన్పించాలి.

వినబడుతున్నదో లేదో పరీక్షిద్దామన్న ఉబలాటం పెద్దలకూ ఉంటుంది. నేల అదరకుండా, గాలి తగలకుండా, దానికి కనబడకుండా నిలబడి ఒక కాగితాన్ని మెల్లగా నలపండి. మీసాలు కదిలినా, నమలడం ఒక్క క్షణం ఆగినా వినబడినట్టే. రోజుకు ఒక్కసారి చాలు. కచ్చితంగా తెలియాలంటే మెదడు స్పందనను యంత్రంతో కొలిచే పరీక్ష ఉన్నది. కాని పెంపుడు కుందేలుకు దాని అవసరం అరుదు.

ఒక చెవి మాత్రమే తెరుచుకున్నప్పుడు మరొక విచిత్రం జరుగుతుంది. మీరు ఎడమ వైపు నుండి పిలిస్తే కుందేలు కుడి వైపుకు బెదిరి చూస్తుంది, కొన్నిసార్లు మీ వైపే దూసుకొస్తుంది. శబ్దం ఎటు నుండి వచ్చిందో తెలియడానికి రెండు చెవులకూ చేరే ధ్వనిలోని తేడా కావాలి. ఆ తేడా ఇప్పుడు తారుమారైంది. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువులకు ఒక చెవి మూసి చేసిన ప్రయోగాలను 2006లో ప్రచురించారు. క్రమం తప్పక సాధన చేసినవి కొద్ది రోజులలోనే దిశను మళ్లీ పట్టుకోగలిగాయి. అప్పుడప్పుడు మాత్రమే చేసినవి అంతగా మెరుగుపడలేదు. అందువల్ల ఇంట్లో కూడా మొదట ఒకే దిక్కు నుండి, అది మిమ్మల్ని చూడగలిగిన చోటు నుండి పిలవండి. అటు నుండి వచ్చిన శబ్దానికి అటు నుండే ఆకు అందాలి. దిక్కులు మార్చడం తరువాతి మాట.

ఇంట్లో మరొక కుందేలు ఉంటే అది మీకంటే మంచి గురువు. అజాన్ మోగినా, తలుపు కొట్టుకున్నా తోటి కుందేలు నిదానంగా నములుతూ ఉంటే దానిని చూసి ఇది ధైర్యం తెచ్చుకుంటుంది. కాని ఆసుపత్రి వాసనతో తిరిగి వచ్చిన జోడీని పాతది శత్రువుగా భావించి కరిచిన సందర్భాలు ఉన్నాయి. వీలైతే రెండింటినీ కలిపే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. లేదా ఇంటిలోని దాని పరుపు గుడ్డను వెంట పంపండి.

కుదుటపడుతున్న గుర్తులు చిన్నవిగా ఉంటాయి. శబ్దం రాగానే దాగి, వెంటనే మూతి బయట పెట్టి చూడటం. తింటూ ఆగి, విని, మళ్లీ తినడం. పక్కకు ధబ్బున ఒరిగి కాళ్లు చాపుకొని పడుకోవడం. దువ్వుతున్నప్పుడు పళ్లను సన్నగా కిటకిటలాడించడం. ఇందాక చెప్పిన బాధ కొరుకుడు కాదిది, చాలా మెత్తనిది. ఒకరోజు గదిలో ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరి నడుము తిప్పిందంటే ఇక దిగులు అక్కర్లేదు. అన్ని కుందేళ్లూ ఇక్కడి దాకా రావు. కొన్ని జీవితాంతం కొంత బెదురుగానే ఉంటాయి. చెవుడుగా ఉన్నప్పటి నెమ్మదిని వాటి నుండి తిరిగి కోరడం న్యాయం కాదు.

చివరగా చెవి సంరక్షణ. కొత్తగా తెరిచిన ద్వారం ఇరుకైపోకుండా, గులిమి మళ్లీ నిలవకుండా వైద్యుడు చెప్పిన గడువులకు చూపించుకుంటూ ఉండాలి. దూది పుల్లలు లోపలికి పెట్టరాదు. అవి గులిమిని మరింత లోతుకు నెడతాయి. వెల్లుల్లి కాచిన నూనె, కొబ్బరినూనె పోయడం మన ఇళ్లలో పెద్దలు వాత్సల్యంతో చేసే పని, కాని కర్ణభేరి చిరిగి ఉన్న చెవిలో ఏ నూనె పోసినా అది మధ్య చెవిలోకి దిగుతుంది. వారానికి ఒకసారి రెండు చెవుల మొదట్లో వేళ్లతో మెత్తగా తడిమి చూడండి. ఒక వైపు బుడిపె తగిలినా, దుర్వాసన వచ్చినా, తల ఒక పక్కకు వంచి నడుస్తున్నా ఆలస్యం చేయకూడదు. బాగా వినడం నేర్చుకున్న కుందేలు మళ్లీ పిలిస్తే పలకకపోవడం, మిక్సీ మోతకు కూడా తల ఎత్తకపోవడం కూడా అటువంటి గుర్తే. ఆ మార్పును వైద్యుని కంటే ముందు, రోజూ కొత్తిమీర పెట్టే చేయి కనిపెడుతుంది.